మచ్చకి మందు వేయండి, రంగుకి కాదు

సైబర్ టవర్స్ దగ్గర ఆటో ఎక్కి కొత్తగూడ మీదుగా గచ్చిబౌలి దాకా వెళ్తూ ఓసారి బోర్డులు లెక్కపెట్టండి. మొదటి స్థానం బిర్యానీకి, రెండోది పీజీ హాస్టళ్ళకి ఇచ్చేస్తే మూడో స్థానం ఖాయంగా స్కిన్ క్లినిక్కులదే. గ్లో, రేడియన్స్, బ్రైటనింగ్, ఈవెన్ టోన్ అని పేర్లు. బోర్డు మీద ఒక అమ్మాయి ముఖం, మధ్యలో నిలువుగీత. ఎడమ సగం నల్లగా ఉంటుంది, అందులోనే మొటిమలు, గుంటలు ఉంటాయి. కుడి సగం తెల్లగా, నున్నగా ఉంటుంది.

మోసమంతా ఆ బొమ్మలోనే ఉంది. మొటిమల గుంటలు పూడడానికీ ఒంటి రంగు తెల్లబడడానికీ ఏమిటి సంబంధం? నల్లగా ఉండి నున్నటి చర్మం ఉన్నవాళ్ళు లేరా? పాలరంగులో ఉండి ముఖం నిండా గుంటలున్నవాళ్ళు లేరా? రెండూ మనకి తెలుసు, మన ఇళ్ళల్లోనే ఉన్నారు. అయినా ఆ బొమ్మ చూడగానే మనకి ఏమీ తేడాగా అనిపించదు. నలుపూ జబ్బే అన్నట్టు, ఒకే మందుకి రెండూ పోతాయన్నట్టు మన కళ్ళు అలవాటు పడిపోయాయి.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మచ్చకి, గుంటకి వైద్యం ఉంది, అది చేయించుకోవడం ఆ పిల్ల హక్కు. రంగుకి వైద్యం లేదు, అవసరమూ లేదు. ఈ రెంటినీ ఒక ప్యాకేజీలో కట్టి అమ్మేవాడు ఎంత పెద్ద ఏసీ గదిలో కూర్చున్నా అతని దగ్గర నుంచి లేచి వచ్చేయండి. ఎందుకంటే ఆ రెండో వైద్యం మొదటిదాన్ని చెడగొడుతుంది. అది కూడా నల్లటి పిల్లలకే ఎక్కువగా.

నేను బీఏలో తెలుగు చదివాను. ఆ చదువు దేనికి పనికొచ్చిందని మా ఇంట్లో ఎప్పుడూ వేళాకోళమే. ఇదిగో, ఇక్కడ పనికొచ్చింది. మన భాషలో ముఖం మీద కనిపించే ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. పొంగి ఉంటే మొటిమ. మానాక మిగిలిన నల్లటి గుర్తు మచ్చ. చర్మం లోపలికి దిగిపోతే గుంట. బుగ్గల మీద పొరలా కమ్ముకుంటే మంగు. ఇవి కాక ఒంటి రంగుకి వేరే మాటలు: నలుపు, చామనఛాయ, గోధుమవన్నె, పసిమి. మా అమ్మమ్మ ఎవరి ఆనవాళ్ళయినా చెప్పాలంటే, "చామనఛాయ మనిషి, బుగ్గల మీద గుంటలుంటాయి" అనేది. రంగు ఒక గుర్తు, గుంటలు ఇంకో గుర్తు, అంతే. ఇప్పుడు ఈ మాటలన్నీ పోయి "స్కిన్ టోన్" అనే ఒక్క మాట మిగిలింది. "మేడమ్, మీ పాప స్కిన్ టోన్ అన్ ఈవెన్‌గా ఉంది" అంటారు. అందులో మచ్చ ఎంత, గుంట ఎంత, మంగు ఎంత, రంగు ఎంత? అడగరు, చెప్పరు. విడదీసి చెబితే ప్యాకేజీ చిన్నదైపోతుంది కదా!

సరే, మనమే విడదీసుకుందాం.

మన చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవాళ్ళలోనూ మనలోనూ ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి. తేడా అవి తయారుచేసే మెలనిన్ ఎంత, దాన్ని ఎలా పంచుతాయి అన్నదాంట్లో. మన కణాలు చురుకైనవి. ఎండ తగిలినా, పుండు పడినా, గిల్లినా, వేడి సోకినా వెంటనే రంగు కుమ్మరించేస్తాయి. మొటిమ మానాక నల్లటి మచ్చ మిగిలేది అందుకే. ఆ మచ్చ చర్మం పై పొరలోనే ఉంటే కొన్ని నెలల్లో దానంతటదే పలచబడుతుంది. లోపలి పొరకి దిగి బూడిదరంగులోకి మారితే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అదీ మచ్చ కథ.

గుంట కథ వేరు. పెద్ద మొటిమ లోపల వాచి, చర్మాన్ని నిలబెట్టే కొల్లాజెన్‌ను తినేస్తే ఆ చోటు కుంగిపోతుంది. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేవి ఒక రకం, అంచులు నిలువుగా ఉండి వెడల్పుగా ఉండేవి ఇంకో రకం, అలల్లా ఎగుడుదిగుడుగా ఉండేవి మూడో రకం. ఒక్కోదానికి చికిత్స వేరు. ఏ క్రీము రాసినా గుంట పూడదు. దానికి సూదులతోనో, లేజర్‌తోనో, గుంట అడుగున పట్టి ఉంచిన తంతువులని కోసి వదిలించడంతోనో డాక్టరు చెయ్యి పడాలి. అప్పటికీ పూర్తిగా పోదు, తగ్గుతుంది. ఈ ముక్క ముందే చెప్పే డాక్టరు దొరికితే దండం పెట్టి అక్కడే చేయించుకోండి.

ఇక రంగు. దానికి కథేమీ లేదు. అమ్మదో నాన్నదో, నానమ్మదో.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. గుంటకి చేసే వైద్యమంటే ఒకరకంగా చర్మాన్ని కావాలని చిన్నగా గాయపరచడమే. గాయం మానేటప్పుడు కొత్త కొల్లాజెన్ పుడుతుంది, గుంట కొంత పైకి లేస్తుంది. కానీ మన చర్మం గాయం పడితే ఏం చేస్తుందని చెప్పుకున్నాం? రంగు కుమ్మరిస్తుంది. అంటే నల్లటి చర్మం మీద గుంటకి వైద్యం చేసేవాడు మెల్లగా, తక్కువ మోతాదుతో, ముందు చర్మాన్ని సిద్ధం చేసి, మధ్యలో వారాల తరబడి విరామమిచ్చి చేయాలి. వేడి లేని సూదుల పద్ధతి లేజర్ కంటే మన చర్మానికి కొంత క్షేమం. లేజర్ వాడినా మిషన్ ఏది, సెట్టింగ్ ఎంత అన్నదాంట్లోనే అంతా ఉంది. తెల్లతోలుకి పనిచేసిన లెక్క మన తోలుకి వాడితే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

ఈ లెక్కల పుట్టుక కూడా తెలుసుకోవాలి. ఎండకి ఏ చర్మం ఎంత కందుతుంది, ఎంత నల్లబడుతుంది అని చూసి రకాలుగా విడగొట్టే పద్ధతిని 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ డాక్టరు తయారుచేశాడు. మొదట అది తెల్లవాళ్ళ కోసమే. గోధుమ, నల్ల చర్మాలకి చెందిన రకాలు తర్వాత చేర్చారు. ఇవాళ ఆరు రకాలున్నాయి, మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు. లేజర్ పట్టుకునే ఏ డాక్టరయినా ముందు చూడాల్సింది ఈ నంబరే. అదే 1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ ట్యూబు బజారులోకి వచ్చింది. ఒక డాక్టరు చర్మాన్ని కాపాడటానికి రంగుని లెక్కలోకి తీసుకుంటే, ఒక కంపెనీ అమ్ముకోవడానికి తీసుకుంది. మన ఇళ్ళల్లోకి వచ్చింది రెండోది.

మా అక్క కూతురి సంగతి చెబుతాను. ఖమ్మం పిల్ల, నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం, గచ్చిబౌలిలో హాస్టల్లో ఉంటుంది. మంచి చామనఛాయ. ఇంటర్‌లో వచ్చిన మొటిమలు బుగ్గల మీద గుంటలు మిగిల్చాయి. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆన్ చేయమంటే దానికి ప్రాణం పోయేది. బోనస్ డబ్బులు రాగానే ఒక క్లినిక్‌కి వెళ్ళింది. కోటు వేసుకున్న కౌన్సెలర్ ఒకమ్మాయి ముఖానికి లైటు పెట్టి ఫోటోలు తీసింది. స్కార్, బ్రైటనింగ్, గ్లో మూడూ కలిపి ఆరు సిట్టింగులు, వడ్డీ లేని వాయిదాలు. సంతకం అయ్యాక డాక్టరు కనిపించింది నాలుగు నిమిషాలు.

రెండో సిట్టింగ్ అయ్యి పెచ్చులు రాలాక దాని రెండు బుగ్గల మీద గళ్ళు తేలాయి. చుక్కలు చుక్కలుగా, వరసలుగా, దోసె పెనం మీద ముగ్గు పెట్టినట్టు గోధుమరంగు గళ్ళు. ఆదివారం మా ఇంటికి వచ్చి చున్నీ తీయకుండా కూర్చుంది.

"వెళ్ళి అడిగావా?" అన్నాను.

"అడిగాను పిన్నీ. మీది డార్క్ స్కిన్ కదా మేడమ్, అలాగే రియాక్ట్ అవుతుంది అన్నారు."

"మరి ఏం చేస్తారట?"

"ఇవి పోవడానికి ఇంకో బ్రైటనింగ్ ప్యాకేజీ ఉందట. పాత కస్టమర్ని కాబట్టి డిస్కౌంట్ ఇస్తారట."

విన్నారా? మొదటి రోజు లైటు పెట్టి ఫోటోలు తీసినప్పుడు దాని రంగు కనబడలేదా? బ్రైటనింగ్ అమ్మడానికి కనబడిన రంగు, లేజర్ సెట్టింగ్ పెట్టేటప్పుడు కనబడకుండా ఎలా పోయింది? వైద్యుడు జాగ్రత్త పడటానికి ఉపయోగపడాల్సిన రంగు, చేసిన తప్పుకి సాకుగా మారింది. ఇంకో బిల్లు వేయడానికి అదే కారణమైంది. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

తర్వాత దాన్ని చర్మవైద్యంలో ఎం.డి. చేసిన ఒక పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్న గది, గోడల మీద అమ్మాయిల బొమ్మలు లేవు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "చివరి మొటిమ ఎప్పుడొచ్చిందమ్మా?" రెండోది, "నెలసరి సరిగ్గా వస్తోందా?" మూడోది, "ఇంట్లో ఏం ట్యూబులు రాస్తున్నావు? అన్నీ తీసుకురా." లేజర్ పూర్తిగా ఆపేయించింది. సన్‌స్క్రీన్, రాత్రికి ఒక క్రీము, ఓపిక, మూడే రాసింది. గళ్ళు పలచబడటానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ తర్వాతే గుంటలకి సూదుల వైద్యం మొదలుపెట్టింది. గుంటలు సగం తగ్గాయి. పిల్ల రంగు మాత్రం ఎప్పటి చామనఛాయే. ఇప్పుడు కెమెరా ఆన్ చేస్తోంది.

క్లినిక్కుల మీద కోపం తెచ్చుకోవడం తేలిక. మన డ్రెస్సింగ్ టేబుల్ సొరుగు సంగతేమిటి?

మందుల షాపుకి వెళ్ళి "మచ్చలకి ఏదైనా ట్యూబు ఇవ్వండి" అంటే చాలాచోట్ల ఇచ్చేది స్టెరాయిడ్ కలిసిన ట్యూబు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్. ఈ మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి, పిల్లలకి బట్టీ పట్టించండి. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి వాటికి డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే ఇవి మంచి మందులే. ముఖానికి ఫెయిర్‌నెస్ క్రీములా నెలల తరబడి రాస్తే? మొదటి రెండు వారాలు అద్భుతం. మొటిమల వాపు తగ్గుతుంది, ముఖం తెల్లబడుతుంది. "భలే ట్యూబు వదినా" అని పక్కింటికి కూడా చెబుతాం. తర్వాత చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి కనబడతాయి. ఎర్రగా మంట. గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలు. ముందున్న వాటికంటే ఎక్కువ మొటిమలు. ఆపితే ముఖం భగ్గుమంటుంది, భయపడి మళ్ళీ రాస్తాం. సారాకి అలవాటు పడ్డవాడికీ ఆ ముఖానికీ తేడా లేదు. ఇలాంటి ముఖాలు ఎంతమందివి చూశారో గానీ, మన చర్మవైద్యులు దీనికి "స్టెరాయిడ్‌తో పాడైన ముఖం" అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు. వాళ్ళ సంఘం ఐఏడీవీఎల్ దీన్ని ఆపడానికి ప్రత్యేక దళాన్నే ఏర్పాటు చేసింది. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన కూడా మార్చింది. నిబంధన కాగితం మీద ఉంది, ట్యూబు మన సొరుగులో ఉంది.

ఇంకొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది. ముఖానికి రాసే క్రీముల్లో దాన్ని కలపడానికి మన చట్టం ఒప్పుకోదు. అయినా ఎక్కడెక్కడి నుంచో లేబుల్ లేని డబ్బాలు వస్తూనే ఉంటాయి. 2023లో కేరళలో, మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు ఒక విచిత్రం గమనించారు. వయసులో ఉన్నవాళ్ళు కొందరు కిడ్నీ జబ్బుతో వస్తున్నారు, కారణం అంతుపట్టడం లేదు. ఆరా తీస్తే వాళ్ళల్లో చాలామంది వాడింది పాదరసం ఉన్న ఫెయిర్‌నెస్ క్రీములు. ముఖానికి రాసింది మూత్రపిండాల దాకా వెళ్ళింది. తెల్లదనం కోసం!

అది చాలదన్నట్టు గ్లూటాథియోన్ డ్రిప్పు. పెళ్ళికి రెండు నెలల ముందు నరానికి ఎక్కించుకుంటే పెళ్ళికూతురు మెరిసిపోతుందట. చర్మాన్ని తెల్లబరిచే ఇంజెక్షన్ దేన్నీ తాము ఆమోదించలేదని, వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ స్పష్టంగా చెప్పింది. ఇక్కడ మాత్రం దానికి వెడ్డింగ్ ప్యాకేజీ అని పేరు.

వంటిల్లు కూడా తక్కువేమీ కాదు. నిమ్మచెక్క రుద్దడం, వంటసోడా పట్టించడం, మొటిమ మీద టూత్‌పేస్ట్ పెట్టడం. నిమ్మరసం పులుపు చర్మాన్ని మండిస్తుంది, సోడా ఒరిపిడికి పొర లేస్తుంది. మండినా, లేచినా మన చర్మం చేసే పని తెలిసిందే కదా, మచ్చ ఇంకా ముదురుతుంది. శనగపిండి, పెసరపిండి నలుగు పండగనాడు హాయిగా పెట్టుకోండి, నేనూ పెడతాను. మొటిమలున్న ముఖాన్ని మాత్రం దాంతో రుద్దకండి. సహజమైనదంతా మంచిదైతే జిల్లేడు పాలు కూడా రాసుకోవచ్చు.

ఇక్కడ ఇద్దరు నాతో గొడవకి వస్తారు. ఇద్దరికీ జవాబు చెబుతాను.

మొదటివారు మా అక్కలాంటివాళ్ళు. "నీకేం, చెబుతావు. పెళ్ళి కావద్దా? రేపు సంబంధం వాళ్ళు రంగు అడిగితే నువ్వొచ్చి సమాధానం చెబుతావా?" అక్కా, ఆ బాధ నిజం కాదని నేను అనను. పెళ్ళిచూపుల్లో పిల్ల రంగు గురించి గుసగుసలు నేనూ విన్నాను. కానీ ఆలోచించు. ప్యాకేజీ చేసేది ఏమిటి? ఉన్న మెలనిన్ని కొన్నాళ్ళు అణచి ఉంచడం. ఆపిన మర్నాటి నుంచి తిరిగి వస్తుంది. పెళ్ళయ్యాక జీవితాంతం డ్రిప్పు ఎక్కించుకుంటూ కాపురం చేస్తుందా? పిల్లలు పుడితే వాళ్ళ రంగుకి కూడా క్లినిక్కే జవాబు చెప్పాలా? రంగు చూసి వచ్చిన సంబంధం రంగుతోనే ఉంటుంది, రంగుతోనే పోతుంది.

లోకం అసలు మారలేదని కూడా అనకు. 2020లో అమెరికాలో ఉండే ఒక భారతీయ మహిళ మొదలుపెట్టిన పిటిషన్ దెబ్బకి షాదీ డాట్ కామ్ తన వెతుకులాటలోంచి రంగు గడిని తీసేసింది. అదే ఏడాది ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అని పెట్టుకుంది. నిజమే, పేరు మారినంత మాత్రాన మనసులు మారవు. మన బోర్డుల మీద ఇన్ని గ్లోలు ఎందుకు వెలిశాయో కూడా అక్కడే అర్థమవుతుంది. తెల్లబరుస్తాం అనడానికి సిగ్గుపడాల్సిన రోజులొచ్చాయి, అందుకని మెరిపిస్తాం అంటున్నారు. సరుకు అదే. అయినా సిగ్గు అంటూ పుట్టింది కదా, అదొక మెట్టు.

సినిమావాళ్ళ సంగతే చూడు. సాయి పల్లవి 2015లో మలయాళం ప్రేమమ్‌లో ముఖం మీద మొటిమలతోనే కనిపించింది. 2017లో ఫిదాలో బాన్సువాడ పిల్లగా వస్తే మన జనం నెత్తిన పెట్టుకున్నారు. ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనకి పెద్ద మొత్తం ఇస్తామన్నా వద్దన్నానని 2019లో తనే చెప్పింది. డాక్టరీ చదివిన పిల్ల, ఏది వైద్యమో ఏది వ్యాపారమో తెలిసిన పిల్ల. వ్యాసుడి నుంచి ద్రౌపది దాకా మన మహాభారతంలో కృష్ణ అని పేరున్నవాళ్ళందరూ నల్లనివాళ్ళే, ఆ పేరుకి అర్థమే అది. ద్రౌపది నల్లగా ఉందని స్వయంవరానికి రాజులెవరూ రాకుండా మానలేదు. నలుపు నారాయణ మెచ్చు అని సామెత చెప్పుకునే ఇళ్ళల్లోనే పిల్లకి స్టెరాయిడ్ రాస్తున్నాం.

గొడవకి వచ్చే రెండోవారు చదువుకున్న అమ్మాయిలు. వాళ్ళు ఇంకో కొసకి వెళ్తారు. "మచ్చలూ గుంటలూ కూడా అందమే ఆంటీ. ఉన్నది ఉన్నట్టు ప్రేమించుకోవాలి. వైద్యం అంటేనే ఓడిపోవడం." తల్లీ, వినడానికి బాగానే ఉంది. కానీ మొటిమ ఒక జబ్బు. నొప్పి పెడుతుంది, చీము పడుతుంది, గుంటలు చేస్తుంది. త్వరగా వైద్యం చేస్తే గుంటలు పడకుండా ఆపవచ్చు. "వయసులో అందరికీ వచ్చేవే, పోతాయిలే" అని వదిలేసిన నాలుగేళ్ళే మా అక్క కూతురి బుగ్గల మీద గుంటలై మిగిలాయి. చెయ్యి విరిగితే కట్టు కట్టించుకోవడం చేతిని ద్వేషించడం అవుతుందా? గుంటలతో నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఉండండి, మీకు నా నమస్కారం. కెమెరా ముందు కుమిలిపోయే పిల్లకి మాత్రం ప్రేమించుకో అని ఉపదేశం ఇచ్చి చేతులు దులుపుకోకండి. దానికి డాక్టరు కావాలి.

అయితే ఏం చేయాలి అంటారా? నేను డాక్టర్ని కాదు, మందులు రాయను. కానీ వరస ఏమిటో తెలిస్తే మోసపోం.

ముందు మొటిమలు ఆగాలి. కొత్తవి వస్తుండగా పాత గుంటలు పూడ్చడం అంటే వానలో వడియాలు పెట్టడం. గడ్డం, దవడల మీద మొండిగా వస్తూ, నెలసరి కూడా తప్పుతుంటే పీసీఓఎస్ ఉందేమో చూపించండి. స్కూటీ నడిపేవాళ్ళకి హెల్మెట్ పట్టీ, బిగుతుగా కట్టే స్కార్ఫ్ ఒరిపిడికి కూడా మొటిమలు రేగుతాయి. వాటిని తరచూ ఉతకండి. ఐసోట్రెటినోయిన్ అనే బిళ్ళ డాక్టరు రాస్తే అది గట్టి మందని, ఆ సమయంలో గర్భం రాకూడదని, వస్తే బిడ్డకి అవకరాలు వచ్చే ప్రమాదం ఉందని తెలుసుకోండి. కొత్తగా పెళ్ళయిన పిల్లలకి ఇది ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాలి. డాక్టరుకి పెళ్ళి సంగతి దాచకండి.

తర్వాత ఎండ. నల్లటివాళ్ళకి సన్‌స్క్రీన్ ఎందుకు అనుకుంటాం. తెల్లబడటానికి కాదు, మచ్చ ముదరకుండా. కంపెనీ క్యాబ్ అద్దంలోంచి కూడా ఎండలోని ఒక రకం కిరణాలు లోపలికి వస్తాయి. మన చర్మం మామూలు వెలుతురుకి కూడా నల్లబడుతుంది, దాన్ని ఆపాలంటే ఐరన్ ఆక్సైడ్ ఉన్న, లేతరంగు కలిసిన సన్‌స్క్రీన్ కావాలి. ఇక్కడా మనకి అన్యాయమే. మన ఛాయకి కలిసే రంగులో దొరకడం కష్టం, రాసుకుంటే పిండి అద్దినట్టుంటుంది. ఈవెన్ టోన్ గురించి ఇన్ని కబుర్లు చెప్పే కంపెనీలు ముందు ఈ పని చేయొచ్చు కదా!

మచ్చలకి అజెలాయిక్ యాసిడ్, అడాపలీన్ లాంటి మందులు డాక్టరు చూసి ఇస్తారు. హైడ్రోక్వినోన్ ఇస్తే ఎన్ని వారాలో అడిగి అన్ని వారాలే వాడండి. ఏళ్ళ తరబడి వాడితే నీలినలుపు మచ్చలు పడతాయి, అవి పోవడం మహా కష్టం. అన్నిటికంటే చివర గుంటల వైద్యం.

క్లినిక్ మెట్లెక్కితే డబ్బు కట్టకముందే అడగాల్సినవి ఇవి. చేసేది ఎవరు, డాక్టరా టెక్నీషియనా? ఆ డాక్టరు చర్మవైద్యంలో ఎం.డి., డి.వి.ఎల్. లాంటి చదువు చదివారా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరేది? నా చర్మం ఏ రకం, ఆ రకానికి సెట్టింగ్ ఎలా మారుస్తారు? చెవి వెనకో దవడ కిందో చిన్న చోట ముందు పరీక్ష చేస్తారా? నల్లబడితే ఏం చేస్తారు, ఎవరి ఖర్చుతో? చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: మీరు బాగుచేసేది నా గుంటనా, నా రంగునా? ఈ ప్రశ్నలకి విసుక్కున్న చోట కార్డు గీకకండి. మంచి డాక్టర్లు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు, వాళ్ళు ఈ ప్రశ్నలకి సంతోషిస్తారు. డబ్బు ఇబ్బంది ఉంటే ఉస్మానియాలో, గాంధీలో చర్మవైద్య విభాగాలున్నాయి. క్యూలో నిలబడాలి, నిజమే. కానీ అక్కడ ఎవరూ మీ పిల్లకి గ్లో అమ్మరు.

అమ్మలూ, అత్తలూ, ఒక్క పని చేయండి. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక డ్రెస్సింగ్ టేబుల్ సొరుగు తీసి ఒక్కో ట్యూబు వెనక సన్నక్షరాలు చదవండి. కళ్ళజోడు పెట్టుకునే చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అని ఉంటే పక్కన పెట్టండి. అసలు ఏమీ రాసి లేకపోతే అది ఇంకా ప్రమాదం, అదీ పక్కన పెట్టండి. స్టెరాయిడ్‌ని చాలాకాలంగా రాస్తున్న పిల్ల ఉంటే మాత్రం ఉన్నట్టుండి ఆపించకండి, ముఖం మండిపోతుంది. ఆ ట్యూబులన్నీ ఒక సంచిలో వేసుకుని, పిల్లని వెంటబెట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. మచ్చ గురించి అడగండి, గుంట గురించి అడగండి. రంగు ఊసు ఎత్తకండి. డాక్టరే ఎత్తితే, "దానికి మేము రాలేదండీ" అని మీ పిల్ల వినేలా చెప్పండి.